రైఫిల్ గొట్టంలో మెత్తని రాపిడి

రైఫిల్ గొట్టం లోపలి గోడను శుభ్రం చేయడానికి నూనెలోనో గ్రీజులోనో కలిపి వాడే సన్నని గరుకు పొడులను షూటర్లు బోర్ పేస్టులంటారు. కాల్పుల తర్వాత గొట్టంలో మసి, సీసం, రాగి పొరలుగా మిగులుతాయి. వాటిలో ద్రావకాలకు లొంగని వాటిని రుద్ది తీయడం ఈ పేస్టుల పని. అవి మురికితో పాటు ఉక్కును కూడా ఎంతో కొంత అరగదీస్తాయి. అందుకే వీటిని వాడవచ్చా, వాడితే ఎంత అన్న వాదం నూరేళ్లకు పైగా సాగుతోంది. ఆ వాదానికి జవాబు చాలావరకు గొట్టంలోనే ఉంటుంది. ఏ గొట్టం, అందులో ఏ మురికి అన్నది తేలితే పేస్టు సంగతి దానంతట అదే తేలుతుంది.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరును తీసుకుంటే ఈ తేడాలన్నీ ఒకే ప్రాంతంలో కనిపిస్తాయి. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, ఖమ్మం జిల్లా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు ఇది. చుట్టూ మామిడి తోటలు, వరి, పత్తి, మిర్చి చేలు. ఇలాంటి వ్యవసాయ ప్రాంతాల్లో పౌరుల చేతికి తుపాకీ వచ్చే దారిని 1959 నాటి ఆయుధాల చట్టం నిర్ణయిస్తుంది. ఆత్మరక్షణకో, క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నని గొట్టపు తుపాకీకి, పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇచ్చే విషయాన్ని 13వ సెక్షన్ విడిగా ప్రస్తావించింది. ఈ రెంటి గొట్టాల్లోనూ మెలి తిరిగిన గాడులుండవు కాబట్టి అవి రైఫిళ్లు కావు. రైఫిల్ గొట్టం కనిపించేది పోలీసు ఆయుధాగారంలో, ఎన్‌సీసీ శిక్షణలో, పోటీ షూటర్ల దగ్గర, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్‌కు లైసెన్సున్న కొద్దిమంది ఇళ్లలో. తోటకు కాపలా కాసే తుపాకీ, కేడెట్ చేతి .22, కానిస్టేబుల్ భుజాన ఉన్న ఇన్సాస్... మూడూ తుపాకులే అయినా వీటిని శుభ్రం చేసే పద్ధతి ఒకటి కాదు.

కాల్చిన ప్రతిసారీ గొట్టంలో ఏం జరుగుతుందో ముందు చూడాలి. సైనిక రైఫిల్‌లో మందు మండినప్పుడు గొట్టం వెనుక భాగంలో పీడనం మామూలు గాలి పీడనానికి మూడు వేల రెట్లు దాటుతుంది. ఆ వేడిలో పూర్తిగా కాలని కర్బనం గోడకు అంటుకుంటుంది. దాని మీదుగా తూటా గాడుల్లో ఒరుసుకుంటూ పోయి తన తొడుగులోని రాగిని కొంత వదులుతుంది. తర్వాతి తూటా ఆ రాగి మీద మళ్లీ కర్బనాన్ని పరుస్తుంది. ఇలా పొర మీద పొర చేరుతుంది. తూటా గది దాటి గాడులు మొదలయ్యే చోటును గొంతు అంటారు. వేడి, పీడనం రెండూ అక్కడే ఎక్కువ. కర్బనం గట్టిపడేది అక్కడే, ఉక్కు ముందుగా బీటలు వారేదీ అక్కడే.

ఈ పొరల్లో రాగిని తీయడానికి రాపిడి అక్కర్లేదు. అమ్మోనియా కలిసిన ద్రావకం రాగిని కరిగించి ముదురు నీలం రంగు ద్రవంగా మారుస్తుంది. గుడ్డకు నీలం అంటుతోందంటే లోపల రాగి ఉన్నట్టే, నీలం ఆగిందంటే రాగి పోయినట్టే. అయితే గుడ్డను పట్టే కొన ఇత్తడిదైతే ఆ ఇత్తడి నుంచి కూడా నీలం వస్తుంది. లోపల రాగి మిగలకపోయినా ఉందనుకుని గంటల తరబడి రుద్దుతూనే ఉండేవాళ్లున్నారు. గట్టిపడిన కర్బనం సంగతి వేరు. ద్రావకాలు దాన్ని మెత్తబరుస్తాయే గాని రాగిలా పూర్తిగా కరిగించలేవు. మెత్తని రాపిడికి న్యాయంగా పని ఉన్నది ఈ కర్బనం దగ్గరే.

మూడో మురికి ఉప్పు. పాత .303 తూటాల ప్రైమర్లలో, అంటే మందును అంటించే భాగాల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. వంటింటి ఉప్పు లాగే ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఉక్కును రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఈ ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల రోజుల్లో సిపాయిలు కాల్పులు ముగిశాక గరాటుతో గొట్టంలోకి మరిగే నీళ్లు పోసేవారు. నీళ్ల వేడికి గొట్టం కాగి తనంతట తానే ఆరేది, ఆ పైన నూనె పట్టించేవారు. ఉప్పు మిగిలిన గొట్టంలో పేస్టు ఎంత రుద్దినా తుప్పు ఆగదు. 1920ల చివర నుంచి తుప్పు పట్టించని ప్రైమర్లు వ్యాపించాక వేడినీళ్ల అలవాటు పోయింది. పాత నిల్వల తూటాలు కాల్చేవారికి మాత్రం ఆ అవసరం ఇప్పటికీ ఉంది.

గరుకు పొడితో తుపాకీని తోమడం సైన్యాల్లో రైఫిల్ వ్యాపించక ముందటి అలవాటు. ఈస్టిండియా కంపెనీ కాలపు మస్కెట్లను తళతళ మెరిపించడం సిపాయి విధుల్లో ఒకటి. ఇటుక పొడి, నూనె దానికి సాధనాలు. కవాతు మైదానంలో మెరుపు కోసం పైనుంచి అంతగా రుద్దితే గొట్టం గోడ పలచబడుతుంది. అయితే నున్నని గొట్టం లోపల కొంచెం అరిగినా మస్కెట్ గురి పెద్దగా మారేది కాదు, ఎందుకంటే దాని గురి మొదటి నుంచీ అంతంతమాత్రమే. గాడుల రైఫిల్ వచ్చాకే లోపలి గోడ కొలతకు విలువ పెరిగింది.

20వ శతాబ్దం మొదట్లో తూటాలకు రాగి, నికెల్ కలిసిన తొడుగులుండేవి. అవి గొట్టం మూతి దగ్గర గడ్డలు గడ్డలుగా అంటుకునేవి. మామూలు నూనెకు ఆ గడ్డలు కదిలేవి కావు. బ్రిటన్‌లో బి.ఎస్.ఎ. కంపెనీ పోటీ షూటర్లకు మోటీ పేస్టు పేరుతో గరుకు లేపనం అమ్మింది దీని కోసమే. గొట్టం గుండా నడిపే పుల్‌త్రూ తాడుకు సన్నని తీగ జల్లెడ చుట్టి, నూనెలో తడిపి లాగే పద్ధతి సైన్యంలో ఉండేది. అదీ రాపిడే. తర్వాత తొడుగులకు రాగి ఎక్కువ, జింకు తక్కువ ఉన్న లోహం వచ్చింది, గడ్డల బెడద తగ్గింది. గొట్టాన్ని గట్టిగా తోమాలన్న నమ్మకం మాత్రం ఆ బెడదతో పాటు పోలేదు.

పోలీసు, ఎన్‌సీసీ శిక్షణల్లో నేటికీ వినబడే మాటలు పుల్‌త్రూ, చిందీ. గొట్టం గుండా జారవిడిచే తాడు పుల్‌త్రూ, దాని చివర తొడిగే గుడ్డ ముక్క చిందీ. శుభ్రం చేయడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ముక్క. నూనె పట్టించడానికి అదే పొడవుతో ఒకటిన్నర అంగుళాల వెడల్పు ముక్క. ఈ అర అంగుళం తేడాను కేడెట్ చేత కంఠతా పట్టిస్తారు, దానికి కారణం కూడా ఉంది. శుభ్రం చేసే గుడ్డ గోడకు బిగుతుగా ఒరుసుకోవాలి. నూనె గుడ్డ వదులుగా జారాలి, లేకపోతే పట్టించిన నూనెను తానే తుడిచేస్తుంది. రోజువారీ కాల్పులకు ఈ గుడ్డ, నూనె, అవసరమైతే కంచు తీగల బ్రష్ చాలు. ఈ పద్ధతిలో పేస్టు ఊసే లేదు.

ఇన్సాస్ రైఫిల్ దగ్గర పేస్టు వాడకపోవడానికి మరో కారణం తోడవుతుంది. దాని గొట్టం లోపల క్రోమియం పూత ఉంటుంది. ఆ పూత మామూలు గొట్టపు ఉక్కు కన్నా ఎంతో గట్టిది, నున్ననిది. మురికి దానికి గట్టిగా అంటదు, తుప్పు అంత తేలిగ్గా పట్టదు. క్రోమియం గొట్టంలో రాపిడి పేస్టుతో సాధించేదేమీ లేదు. పూత ఇప్పటికే ఎక్కడైనా పెచ్చులూడి ఉంటే రుద్దుడు ఆ అంచుల్ని ఇంకా లేపుతుంది.

ఇక పేస్టులో వాడే పొడి సంగతి. గరుకుతనాన్ని రెండు కొలతలు నిర్ణయిస్తాయి: రేణువు గట్టితనం, రేణువు పరిమాణం. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద సుద్దపొడి 3, సిలికా 7, అల్యూమినియం ఆక్సైడ్ 9, సిలికాన్ కార్బైడ్ ఇంకొంచెం ఎక్కువ. సుద్ద ఉక్కును గీయలేదు, చివరి మూడూ గీయగలవు. అయినా అల్యూమినియం ఆక్సైడ్‌ను రెండు మూడు మైక్రాన్ల మెత్తదనానికి నూరితే అది మెరుగుపెట్టే పొడి అవుతుంది. ముతకగా ఉంచితే గొట్టాన్ని కోసే పొడి అవుతుంది.

తిరువూరు నుంచి సామాను కోసం వెళ్లేవారికి దగ్గరి పెద్ద మార్కెట్ విజయవాడ ఆటోనగర్. ఇంజిన్ వాల్వులను వాటి సీట్లలో కుదర్చడానికి మెకానిక్కులు వాడే గ్రైండింగ్ పేస్టు అక్కడ సులువుగా దొరుకుతుంది, ధర కూడా తక్కువ. డబ్బా చూస్తే బోర్ పేస్టుకూ దానికీ పెద్ద తేడా కనిపించదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వాల్వు పేస్టులో ఉండేది సాధారణంగా సిలికాన్ కార్బైడ్. 220 నంబరు పొడిలో ఒక్కో రేణువు సుమారు 60 మైక్రాన్లుంటుంది. .22 రైఫిల్ గొట్టంలో గాడి లోతు కూడా రమారమి అంతే, ఒక మిల్లీమీటరులో పదహారో వంతు. అంటే గాడి లోతంత రేణువుతో ఆ గాడినే రుద్దుతున్నట్టు లెక్క. పైగా ఈ పదునైన రేణువులు మెత్తని ఉక్కులో దిగబడి ఉండిపోతాయి. ఎంత తుడిచినా కొన్ని మిగులుతాయి, ఆ తర్వాత కాల్చే ప్రతి తూటా వాటిని గోడ మీద ఈడ్చుకుపోతుంది. వాల్వు పేస్టు ఇంజిన్‌కే పరిమితం కావాలి.

గొట్టం తయారీదారులు కూడా రాపిడిని వాడతారు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. నిజమే, మేలైన పోటీ గొట్టాలను చేతితో లాపింగ్ చేస్తారు. గొట్టంలోనే సీసం పోసి, ఆ గాడుల అచ్చుకు సరిగ్గా సరిపోయే దిమ్మను తీసి, దానికి గరుకు పొడి, నూనె పట్టించి ముందుకూ వెనక్కూ నడుపుతారు. పనిముట్టు గీతలు పోయి, కొలత మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా వస్తుంది. దిమ్మ బిగుతులో తేడా చేతికి తెలిసే పనివాడు ఎక్కడ ఎక్కువ రుద్దాలో, ఎక్కడ ఆపాలో పసిగడతాడు. గొట్టం చివరలు కొంచెం వెడల్పవుతాయి కాబట్టి లాపింగ్ అయ్యాక రెండు కొసలనూ కోసి పారేస్తారు కూడా. ఇంట్లో పేస్టు రుద్దేవాడికి అలా కోసి పారేసే కొస ఉండదు.

శుభ్రతకని ప్రత్యేకంగా తయారైన పేస్టుల్లో ఎక్కువ పేరున్నది అమెరికన్ సంస్థ బ్రౌనెల్స్ అమ్మే జె-బి బోర్ క్లీనింగ్ కాంపౌండ్. గ్రీజు లాంటి ఆధారంలో చాలా మెత్తని పొడి కలిపి ఉంటుంది. ఉక్కులో దిగబడని పొడి కావడం దాని ప్రత్యేకత. ఐయోసో పేస్టు, ద్రవ రూపంలో ఉండే రెమింగ్టన్ 40-ఎక్స్ కూడా ఇదే కోవలోవి. బెంచ్‌రెస్ట్ పోటీదారులు, అంటే బల్ల మీద రైఫిల్‌ను ఆనించి వెంట్రుకవాసి తేడాతో తూటాలను ఒకేచోట దింపడానికి పోటీపడేవాళ్లు, వీటిని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. గొట్టం పాడైపోలేదనే అంటారు. మరోవైపు గొట్టం తయారీదారుల్లో చాలామంది పేస్టును ఆఖరి ఉపాయంగానే ఉంచుకోమంటారు. రెండు వర్గాలూ నిజమే చెబుతున్నాయి. బెంచ్‌రెస్ట్ ఆటగాడి గొట్టానికి గొంతు ఎలాగూ కొన్ని వేల తూటాలకు వేడి వల్లే పాడైపోతుంది. ఆలోగా పేస్టు అరగదీసేది లెక్కలోకి రాదు. ఏడాదికి కొద్ది తూటాలు మాత్రమే కాల్చే .315 యజమాని ప్రతిసారీ పేస్టు పట్టిస్తే, కాల్పుల కన్నా తోమడం వల్లే గొట్టం ఎక్కువ అరిగిపోవచ్చు.

పేస్టు నిజంగా ఆదుకునే చోటు .22 పోటీ రైఫిల్. ఈ తూటాకు రాగి తొడుగుండదు, మైనం లాంటి కందెన పూసిన సీసం మాత్రమే ఉంటుంది. రాగి బెడద లేదు, పీడనం తక్కువ, అందుకే ఈ గొట్టాలు ఎన్నో వేల తూటాలకు నిలుస్తాయి. అయితే ఈ .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాల ప్రైమర్లలో రాపిడికి అంటుకోవడం కోసం సన్నని గాజుపొడి కలుపుతారు. ఆ గాజు, కాలిన మసి, కందెన కలిసి తూటా గదికి ముందు ఒక గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. గురి కాస్త కాస్తగా చెదురుతుంది. తూటాను లోపలికి నెట్టేటప్పుడు వేలికి బిగుతు తగులుతుంది. గుడ్డ, నూనె ఎన్నిసార్లు నడిపినా ఆ ఉంగరం కదలదు. ముందుగా కర్బనాన్ని మెత్తబరిచే ద్రావకం పోసి కొన్ని నిమిషాలు ఉంచాలి, తర్వాత కంచు బ్రష్ నడపాలి. అప్పటికీ మిగిలితే బిగుతైన గుడ్డకు కొంచెం పేస్టు పట్టించి, ఆ ఉంగరం ఉన్న మేర మాత్రమే పొట్టి పొట్టి కదలికలతో రుద్దాలి. పది పదిహేను కదలికల తర్వాత తుడిచి చూడాలి. గొట్టం పొడవునా రుద్దాల్సిన పని ఇక్కడ లేనే లేదు.

ఇలా చూసి తేల్చుకోవడానికి ఇప్పుడు చక్కని సాధనం ఉంది. సన్నని కెమెరా ఉన్న బోర్‌స్కోపును ఫోన్‌కో కంప్యూటర్‌కో కలిపి గొట్టం లోపలి గోడను నేరుగా చూడవచ్చు. కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. ఒకప్పుడు అనుమానంతో రుద్దేవారు, ఇప్పుడు నల్లని ఉంగరం కనిపిస్తే రుద్దవచ్చు, లేకపోతే డబ్బా మూత తీయనక్కర్లేదు. కెమెరా కొత్తగా చేతికొచ్చినవారు మామూలు మరకలు చూసి బెంబేలెత్తి అతిగా తోమడం కూడా జరుగుతుంది. గురి బాగున్న గొట్టంలో మరకలున్నంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు.

గురిలో తెలుగు నేలకు ఒలింపిక్ పతకం తెచ్చిన రైఫిల్ మాత్రం అసలు మందు వాసనే ఎరగదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించిన హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్ విభాగమూ అదే. 4.5 మి.మీ. సీసపు గుండును ఒత్తిడి గాలి నెడుతుంది. మంట లేదు, కర్బనం లేదు, రాగి లేదు. గొట్టంలో మిగిలేది కొద్దిపాటి సీసం, గుండ్ల మీది కందెన. ఉన్నితో చేసిన ఫెల్ట్ గుండ్లను రెండు మూడు నెట్టితే అది పోతుంది. ఎయిర్ రైఫిల్‌లో రాపిడి పేస్టు వాడటానికి కారణమే లేదు. పైగా పొడి గాలి దారుల్లోకి, రబ్బరు సీళ్లలోకి చేరితే మరమ్మతు ఖర్చు పెద్దది. ఆట మొదలుపెట్టే పిల్లలకు ఈ సంగతి తొలిరోజే చెప్పాలి, ఎందుకంటే బోర్ పేస్టు గురించి విన్నవారు అది అన్ని రైఫిళ్లకూ వర్తిస్తుందనుకుంటారు.

ఇంట్లో అందుబాటులో ఉన్న వాటితో ప్రయోగాలు చేసేవారూ ఉన్నారు. టూత్‌పేస్టులో మెత్తని సుద్దో సిలికానో ఉంటుంది, దానితో పాటు నీళ్లూ ఉంటాయి. పూర్తిగా కడగకపోతే తుప్పుకు దారి అదే. బెల్టు బకిల్, బ్యాడ్జి తోమడానికి పోలీసు బ్యారక్‌లో వాడే బ్రాసోలో గరుకు పొడి, అమ్మోనియా రెండూ ఉంటాయి. అది బయటి ఇత్తడికి తయారైనది. గిన్నెలు తోమే ఊక బూడిదలో పదింట ఎనిమిది తొమ్మిది పాళ్లు సిలికాయే, రేణువులు ఒక్కటీ ఒక కొలతలో ఉండవు. ఇటుక పొడిదీ అదే దోషం. ఉప్పుకాగితం చుట్టిన కడ్డీని గొట్టంలో తిప్పడం అన్నింటికన్నా అన్యాయం. గాడులు మెలి తిరిగి ఉంటే అది అడ్డంగా గీస్తుంది.

పేస్టు గురించి ఇంత వాదం జరుగుతుంటే, గొట్టాలను ఎక్కువగా పాడుచేసే అసలు దోషి పక్కకు తప్పుకుంటుంది. అది కడ్డీ. మూతి వైపు నుంచి దూర్చిన ఉక్కు కడ్డీ ప్రతి కదలికలోనూ మూతి అంచును ఒరుసుకుంటుంది. తూటా గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో దాన్ని పట్టి ఉంచేది ఆ అంచే. ఒక పక్క అరిగితే వాయువు ఆ పక్కనుంచి ముందుగా ఎగజిమ్మి తూటాను పక్కకు తోస్తుంది. పేస్టు అంటిన కడ్డీ అయితే ఈ పని ఇంకా వేగంగా చేస్తుంది. అందుకే వీలున్న రైఫిల్‌ను వెనుక నుంచే శుభ్రం చేయాలి. కడ్డీ మధ్యలో నడిచేలా బోర్ గైడ్ పెట్టాలి, పేస్టు గుడ్డ మూతి దాటి బయటకు రాకుండా కొద్ది ముందే ఆపాలి. పని అయ్యాక గొట్టాన్నీ, తూటా గదినీ, బోల్టునూ ద్రావకంతో కడిగి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. పేస్టు మిగిలిన గొట్టంతో కాల్చకూడదు. పూర్తిగా శుభ్రమైన గొట్టం నుంచి మొదటి ఒకటి రెండు తూటాలు కాస్త పక్కకు పోవడం మామూలే. పోటీ షూటర్లు వాటిని లెక్కలోకి రాని గురికే కాల్చేస్తారు. ఇదంతా మొదలుపెట్టే ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలన్నది ఏ ఆయుధాగారంలోనైనా మొదటి నియమం.

పంట కాపలా తుపాకీకి ఈ పేస్టులేవీ పట్టవు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లటి మందు మండాక మిగిలే బూడిదలో ఎక్కువ భాగం పొటాషియం లవణాలే. వేడినీళ్లు, గుడ్డ, ఆరబెట్టి నూనె, అంతే. 12 బోరు తుపాకీలో ప్లాస్టిక్ వాడ్ చారలు, సీసం చారలు కంచు బ్రష్‌కే పోతాయి.

తిరువూరు లాంటి చోట పేస్టు డబ్బా మీదికి చేయి పోయేది ఎక్కువగా తుప్పు చూసినప్పుడు. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సుదారులు తుపాకులు అప్పగించాల్సి వస్తుంది. 2024లో షెడ్యూలు మార్చి 16న వెలువడింది, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న జరిగాయి. రెండున్నర నెలలకు పైగా గొట్టం తెరవకుండా ఉండిపోతుంది, తిరిగి చేతికొచ్చేసరికి తొలకరి తేమ మొదలవుతుంది. అప్పగించే ముందు లోపల నూనె పొర దట్టంగా పట్టించినవారికి ఇబ్బంది ఉండదు. పట్టించని గొట్టంలో ఎర్రని పొడి తుప్పు కనిపిస్తే పల్చని నూనె పోసి రాత్రంతా నాననిచ్చి, కంచు బ్రష్‌తో తీస్తే చాలావరకు పోతుంది. మిగిలిన మరకకు మెత్తని పేస్టు కొద్దిగా వాడవచ్చు. తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం పేస్టు వాటిని పూడ్చలేదు. చుట్టూ ఉన్న మంచి ఉక్కును గుంట అడుగు దాకా అరగదీస్తేనే గుంట మాయమవుతుంది, అంతలోతు అరిగిన గొట్టంలో గాడులు మిగలవు. అలాంటి గొట్టాన్ని కాల్చవచ్చో లేదో తేల్చాల్సింది ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద మరమ్మతుకు, పరీక్షకు లైసెన్సున్న పనివాడే. లేత్ మీద గొట్టం ఎంత బాగా తిప్పగలిగినా, ఆ లైసెన్సు లేని వర్క్‌షాపు ఈ పని చేపట్టడం నేరం.